రాజుగారి మరుగుదొడ్డి నుంచి ఏనుగు తొండం దాకా!

మీకు తెలుసా? గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని ఇంచుమించు అంగుళం వెడల్పే. కానీ అందులోంచి నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తం పరుగెడుతుంది. అంటే రోజుకు 7 వేల లీటర్లు. చిన్నపాటి నీళ్ల ట్యాంకరు నిండిపోతుంది!

ఆ నాళం గోడకు మూడు పొరలుంటాయి. లోపలి పొర చిరిగిందా, రక్తం పొరల మధ్య దూరి దొంగదారి తవ్వుకుంటుంది. దీన్నే అయోర్టిక్ డిసెక్షన్ అంటారు. ఛాతీలో మొదలైన చీలిక తుంటి దాకా పాకగలదు. అమ్మో!

బ్రిటన్ రాజు రెండో జార్జి ఎక్కడ పోయారో మీకు తెలుసా? మరుగుదొడ్డిలో! 1760 అక్టోబరు 25న పొద్దున్నే చాక్లెట్ పానీయం తాగి లోపలికెళ్లారు, కుప్పకూలారు. రాజవైద్యుడు ఫ్రాంక్ నికోల్స్ కోసి చూస్తే గుండె చుట్టూ గడ్డకట్టిన రక్తం, బృహద్ధమనిలో ఒకటిన్నర అంగుళం చీలిక. ఈ జబ్బును అంత వివరంగా రాసిపెట్టిన తొలి కేసుల్లో ఇదొకటి. ఎంతైనా రాజుగారు కదా, పోయాక కూడా పాఠమయ్యారు!

చిరిగింది ఛాతీలో, చల్లబడింది కాలు! దొంగదారి ఉబ్బి అసలు దారిని నొక్కేస్తే, బృహద్ధమని నుంచి చీలే ఏ కొమ్మ మూసుకుంటే ఆ అవయవానికి రక్తం అందదు. మెదడుకైతే పక్షవాతం, పేగులకైతే కడుపునొప్పి, కిడ్నీలకైతే మూత్రం బంద్. ఒక్క చీలికకు ఎన్ని వేషాలో!

రెండు చేతులకూ బీపీ ఎందుకు చూస్తారో మీకు తెలుసా? చేతికెళ్లే కొమ్మ నొక్కుకుపోతే ఆ చేతిలో బీపీ పడిపోతుంది. తేడా 20 పాయింట్లు దాటితే డాక్టరు చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఒకే మనిషి, రెండు బీపీలు!

ఈ చీలికను గుండెపోటు అనుకుని రక్తం గడ్డ కరిగించే మందు ఇచ్చేస్తే? చీలికలోంచి రక్తం ఆగదు. హాలీవుడ్ నటుడు జాన్ రిట్టర్‌కు 2003లో మొదట గుండెపోటు చికిత్సే జరిగింది. అసలు దొంగ బృహద్ధమని అని తేలేసరికి ఆలస్యమైపోయింది.

అమెరికా వాలీబాల్ తార ఫ్లో హైమన్ ఎత్తు 6 అడుగుల 5 అంగుళాలు, మెడలో ఒలింపిక్ రజతం. 1986లో జపాన్‌లో మ్యాచ్ మధ్య బెంచీ మీద కూర్చున్న చోటే ఒరిగిపోయింది. వయసు 31. నాళాల గోడలను బలహీనపరిచే మార్ఫాన్ సిండ్రోమ్ తనకుందని పాపం ఆమెకు తెలియనే తెలియదు!

ఇప్పుడు అసలు హీరో! హ్యూస్టన్ సర్జన్ మైకేల్ డిబేకీ చిన్నప్పుడే అమ్మ దగ్గర కుట్టుపని నేర్చారు. 1950ల తొలినాళ్లలో కృత్రిమ రక్తనాళం కోసం నైలాన్ కొందామని బట్టల దుకాణానికి వెళ్తే నిండుకుందన్నారు. సరే, డాక్రాన్ బట్ట ఇవ్వండన్నారు. ఇంట్లో భార్య కుట్టుమిషన్ మీద గొట్టాలు కుట్టేశారు!

ఆగండి, ఇంకా ఉంది. 2005 డిసెంబరు 31న ఆయన బృహద్ధమనే చిరిగింది. వయసు 97! ఆపరేషన్ వద్దంటే వద్దన్నారు. స్పృహ తప్పాక భార్య పట్టుబట్టి చేయించారు. 2006 ఫిబ్రవరిలో, తాను దారి చూపిన ఆపరేషన్‌తోనే, ఏడు గంటల తర్వాత, బతికి బయటపడ్డారు. ఆ తర్వాత మరో రెండేళ్లకు పైగా! మీరే చెప్పండి, దీన్ని మించిన కథ ఉందా?

గుండె దగ్గరి భాగం చిరిగితే అది టైప్ ఏ. చికిత్స అందకపోతే మొదటి రెండు రోజులూ గంటగంటకూ ప్రాణగండం 1 నుంచి 2 శాతం పెరుగుతుంది. వెంటనే ఆపరేషన్ టేబుల్ ఎక్కాల్సిందే!

ఆ ఆపరేషన్లో ఒళ్లు 20 డిగ్రీల దాకా చల్లబరచి, కాసేపు రక్తప్రవాహాన్నే ఆపేస్తారని తెలుసా? గుండె కొట్టుకోదు, మనిషి చనిపోడు!

1983లో జర్మనీ సర్జన్ హాన్స్ బోర్స్ట్ కృత్రిమ గొట్టం చివరను నాళంలోకి వేలాడదీసి వదిలేశారు, తర్వాతి ఆపరేషన్‌కు పట్టు దొరుకుతుందని. ఆ పద్ధతి పేరు ఏనుగు తొండం!

టైప్ బీ, అంటే కిందిభాగం చిరిగితే, చాలామందికి కత్తే పడదు. పై బీపీని 120 లోపుకు, నాడిని 60 లోపుకు దించుతారు. కాలికో పేగుకో రక్తం ఆగితే మాత్రం గజ్జల్లోంచి స్టెంట్ గొట్టాన్ని పంపి చిరుగును లోపలినుంచే కప్పేస్తారు. ఛాతీ తెరవకుండానే!

అంతటితో అయిపోలేదు. ఆ స్టెంట్ వెన్నుపాముకు వెళ్లే చిన్న నాళాలను మూసేస్తే కాళ్లు చచ్చుబడొచ్చు. అప్పుడేం చేస్తారో తెలుసా? నడుములోంచి వెన్ను నీరు తీసి, ఇందాక మందులు పెట్టి దించిన బీపీనే మళ్లీ మందులు పెట్టి పైకి లేపుతారు!