మైనస్ ముప్పైలో ఐస్‌ఫ్రూట్

జనవరిలో హార్బిన్ సెంట్రల్ స్ట్రీట్‌లో ఐస్‌ఫ్రూట్లు అమ్మేవాళ్లకు ఫ్రిజ్‌తో పనిలేదు. అట్టపెట్టెల్లో పేర్చి దుకాణం బయట పెడతారు, అంతే. జనం వరసకట్టి మరీ కొంటారు. గ్లవుజు చేత్తో పుల్ల పట్టుకుని, ఊపిరి ఆవిరి కనురెప్పల మీద తెల్లగా గడ్డకడుతున్నా తాపీగా చప్పరిస్తూ నడుస్తారు. వీటికి అదే వీధిలోని మోడర్న్ హోటల్ పేరు. దాన్ని ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో జోసెఫ్ కాస్పే అనే యూదు వ్యాపారి కట్టించాడు. ఈశాన్య చైనాలోని ఈ ఊరికి చలి తగ్గాక వెళ్దామని ఆగేవాళ్లుంటారు. అలా ఆగితే ఇక వెళ్లనక్కర్లేదనే చెప్తాను. ఇక్కడ చలే సరుకు.

ఊరి వయసు దాదాపు నూట ముప్పై ఏళ్లే. వ్లాదివొస్తోక్‌కు అడ్డదారిగా రష్యావాళ్లు చైనా భూభాగం మీదుగా రైలు మార్గం తలపెట్టారు. 1898లో సోంగ్‌హువా నది ఒడ్డున దానికోసం వేసిన మకామే హార్బిన్ అయింది. 1917 విప్లవం తర్వాత పారిపోయి వచ్చినవాళ్లతో రష్యన్ల సంఖ్య లక్ష దాటింది. సెంట్రల్ స్ట్రీట్‌లో ఇప్పుడు మీరు నడిచే గ్రానైట్ రాళ్లు 1924లో పరిచినవి. ఒక్కో రాయికి ఒక్కో వెండి డాలరు ఖర్చయిందని ఊళ్లో చెప్పుకుంటారు. కిలోమీటరున్నర వీధిలో ఎన్ని రాళ్లుంటాయో లెక్కేస్తే ఆ మాట నమ్మాలో వద్దో తోచదు.

ఫోటోల్లో అందరూ చూసే ఆకుపచ్చ గుమ్మటం సెయింట్ సోఫియా చర్చిది. ఇటుక కట్టడం 1923లో మొదలై 1932లో పూర్తయింది. ఎత్తు 53 మీటర్లు. తర్వాత ప్రార్థనలు ఆగిపోయి చాలాకాలం గోదాముగా పడి ఉంది. 1997 నుంచి మ్యూజియం. దీనికంటే పాతదైన సెయింట్ నికొలస్ చెక్క చర్చికి ఆ అదృష్టం కూడా దక్కలేదు. 1966లో సాంస్కృతిక విప్లవపు రెడ్ గార్డులు దాన్ని నేలమట్టం చేశారు. ఊరి బయట వోల్గా మేనర్ అనే విహారకేంద్రంలో దాని నకలు కట్టారు. సమయం తక్కువుంటే నకలు వదిలేయండి.

ఆ రష్యన్ కుటుంబాలు దాదాపు అన్నీ వెళ్లిపోయాయి. వాళ్ల తిండి మాత్రం ఉండిపోయింది. రెండు కిలోలకు పైగా తూగే గుండ్రటి రొట్టె, పొగబెట్టిన ఎర్ర సాసేజ్, రొట్టె పులియబెట్టి చేసే క్వాస్ పానీయం ఈనాటికీ ఇళ్లకు మోసుకెళ్తూనే ఉంటారు. హార్బిన్ బీరు 1900లో పుట్టింది. పేరుమోసిన చింగ్‌తావ్ బీరు దానికంటే మూడేళ్లు చిన్నది. గువో బావ్ రౌ అనే పుల్లతీపి పంది మాంసం వేపుడు పుట్టిందీ ఇక్కడే. రష్యన్ అతిథుల నాలుకకు నచ్చేలా స్థానిక అధికారి వంటవాడు ఉప్పు తగ్గించి తీపి పెంచాడట.

ఇక మంచు సంగతి. డిసెంబరులో నది మీద గడ్డ బాగా మందమయ్యాక దాన్ని రంపాలతో దిమ్మెలుగా కోస్తారు. ఒక్కోటి వందల కిలోలుంటుంది. కోటలూ బురుజులూ కట్టేటప్పుడు దిమ్మెకీ దిమ్మెకీ మధ్య సిమెంటు ఉండదు, నీళ్లు పోస్తారు. అవే గడ్డకట్టి అతుక్కుంటాయి. దిమ్మెల లోపల ఎల్ఈడీ దీపాలు పొదుగుతారు. ఇంత హంగామాకూ మూలం ఒక బకెట్టు. బకెట్టు నిండా నీళ్లు పోసి ఆరుబయట వదిలితే ముందు అంచుల్లో గడ్డకడుతుంది. నడిమి నీళ్లు ఒంపేసి, గుల్లలో కొవ్వొత్తి వెలిగిస్తే మంచు లాంతరు తయార్. 1963లో ఇలాంటి లాంతర్లతోనే జావ్‌లిన్ పార్కులో తొలి ప్రదర్శన పెట్టారు. సాంస్కృతిక విప్లవం రోజుల్లో అదీ ఆగింది. ఇప్పటి అంతర్జాతీయ ఉత్సవం 1985 జనవరి 5న మొదలైంది, ఏటా అదే తేదీన ఆర్భాటంగా ఆరంభిస్తారు. 1999లో మొదలైన ఐస్ అండ్ స్నో వరల్డ్ మాత్రం ముందే, డిసెంబరులోనే తలుపులు తీస్తుంది. ఫిబ్రవరి చివరికల్లా కోటలు కారడం మొదలవుతుంది, టికెట్లు కొనేముందు అది చూసుకోండి.

చైనా అంతటికీ ఒకటే గడియారం. హార్బినేమో బాగా తూర్పున ఉంది. అందుకే డిసెంబరు చివర్లో నాలుగు కొట్టకముందే సూర్యాస్తమయం. ఐస్ వరల్డ్‌కు మధ్యాహ్నం రెండున్నర, మూడింటికి చేరితే ఎండలో నీలంగా మెరిసే దిమ్మెలూ, దీపాలు వెలిగాక రంగులూ, రెండూ ఒక్క టికెట్టుకే.

మాస్కు కథలో ఒక ముఖ్య ఘట్టం హార్బిన్‌లో జరిగిందని తెలుసా? 1910 శీతకాలంలో ఇక్కడ ఊపిరితిత్తుల ప్లేగు చెలరేగింది. పెనాంగ్‌లో పుట్టి కేంబ్రిడ్జ్‌లో చదివిన వైద్యుడు వు లియెన్-తెను ప్రభుత్వం పంపింది. రోగం గాలిలో తుంపర్ల ద్వారా పాకుతోందని గుర్తించి ఆయన గాజుగుడ్డ, దూదితో మాస్కులు కుట్టించాడు. మెస్నీ అనే ఫ్రెంచి వైద్యుడు ఆ మాట కొట్టిపారేసి, మాస్కు లేకుండా రోగుల్ని చూసి, అదే ప్లేగుతో పోయాడు. నేల రాయిలా బిగిసి గోతులు తవ్వడం కుదరక శవపేటికలు శ్మశానంలో గుట్టలుపడ్డాయి. దహనం ఆ సమాజానికి మింగుడుపడని పని. చక్రవర్తి అనుమతి తెప్పించి 1911 జనవరి చివర్లో రెండువేలకు పైగా శవాలను కాల్చారు. ఆ తర్వాతే మరణాలు తగ్గుముఖం పట్టాయి. దావ్‌వాయ్ ప్రాంతంలో ఆయన స్మారక భవనం ఉంది. ఐస్ వరల్డ్‌లో గంట తగ్గించుకునైనా దీన్ని చూడమంటాను.

రైల్వేస్టేషన్‌లో ఇంకో చిన్న స్మారకం: 1909లో జపాన్ నేత ఇతో హిరోబుమీని కొరియా యోధుడు ఆన్ జుంగ్-గున్ కాల్చింది అక్కడి ప్లాట్‌ఫారం మీదే.

బట్టల దగ్గర మనవాళ్లు తప్పటడుగు వేసేది బయటి చలిని తక్కువంచనా వేసి కాదు, లోపలి వేడిని మరిచిపోయి. గదులూ మాల్సూ ఇరవై డిగ్రీలు దాటి వెచ్చగా ఉంటాయి. ఒంటికి నాలుగు స్వెట్టర్లు బిగించుకుంటే గడప దాటగానే చెమటలు. థర్మల్స్ మీద ఒక ఉన్ని చొక్కా, ఆపైన ఇట్టే విప్పగల మందపాటి కోటు చాలు. బూట్లు రెండు జతల మేజోళ్లు పట్టేంత వదులుండాలి. మంకీ క్యాప్‌కు ఇక్కడ ఎవరూ నవ్వరు. ఫోన్ లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని ఉండాలి. లేదంటే సగం చార్జ్ ఉన్నా ఠక్కున ఆరిపోతుంది. కెమెరా లోపలికి తెచ్చేముందు ప్లాస్టిక్ సంచిలో మూతిబిగించండి, లెన్స్ చెమర్చదు.

శాకాహారులు బెంగపడక్కర్లేదు. ఆలుగడ్డ, వంకాయ, క్యాప్సికం నూనెలో వేయించి సోయా రసంలో కలిపే ‘ది సాన్ షియెన్’ ఈశాన్య చైనాలో ఎక్కడైనా దొరుకుతుంది. వీధుల్లో నల్లగా గులకరాళ్లలా పోసి అమ్మేవి గడ్డకట్టిన బేరి పళ్లు. కొరకబోతే పన్ను విరుగుతుంది. చన్నీళ్లలో నానేస్తే పండులోని చలి బయటికొచ్చి చుట్టూ పల్చటి మంచు పెంకు కడుతుంది. పెంకు కొట్టి, తొక్కకు చిల్లు పెట్టి రసం జుర్రుకోవాలి. శాకాహారులకు ఒక్క జాగ్రత్త: కూరలో మాంసం ముక్క లేకున్నా మాంసపు రసం పోసే అలవాటుంది కనుక అదీ వద్దని చైనీస్‌లో రాయించుకుని జేబులో ఉంచుకోండి. కాగితం మీదే రాయించుకోండి, చలికి ఫోన్ ఆరిపోతే చూపించడానికి అదే దిక్కు.