హెల్మెట్‌ను తలకెక్కించే లెక్క

విశాఖ జిల్లాలో పద్మనాభం నుంచి ఆనందపురం వైపు బండ్ల మీద వెళ్ళేవాళ్ళను కాస్త గమనించండి. హెల్మెట్ లేనివాళ్ళు కొందరైతే, ఉండీ పెట్టుకోనివాళ్ళు ఇంకొందరు. ట్యాంకు మీదో, అద్దానికో వేలాడే ఆ హెల్మెట్ జాతీయ రహదారి దగ్గరపడగానే తలకెక్కుతుంది, జంక్షన్ దాటగానే దిగిపోతుంది. ఎదురొచ్చేవాడు లైటు కొట్టి ‘ముందు పోలీసులున్నారు’ అని సైగ చేస్తే ఇంకా ముందే ఎక్కుతుంది. దీన్ని నిర్లక్ష్యం అనేస్తాం గానీ, ఇందులో లెక్క ఉంది.

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, హెల్మెట్ లేనందుకు వేసే జరిమానాను 100 రూపాయల నుంచి 1,000కి పెంచారు. వెయ్యిసార్లు వెళ్తే ఒక్కసారే పట్టుబడతామనుకుందాం. అప్పుడు ఆ వెయ్యి ప్రయాణానికి రూపాయి లెక్కన పడుతుంది. అదే జరిమానా పాత వందే ఉండి, ఇరవైసార్లలో ఒకసారి దొరికిపోతే? ప్రయాణానికి 5 రూపాయలు. పదోవంతు జరిమానాకు అయిదు రెట్ల బరువు! శిక్ష ఎంత కఠినమన్నదానికన్నా అది తప్పదన్న నమ్మకమే నేరాన్ని ఆపుతుందని ఇటలీకి చెందిన బెకారియా 1764లోనే రాశాడు. మన శాసనకర్తలు మాత్రం జరిమానా అంకె పక్కన సున్నా చేర్చడాన్నే ఎక్కువ నమ్ముకున్నారు.

రోజూ ఒకే జంక్షన్‌లో, ఒకే వేళకు తనిఖీ చేస్తే జనానికి ఆ చోటు మాత్రమే గుర్తుంటుంది. ఊళ్ళ మధ్య దారుల్లో, ఏ రోజు ఎక్కడో తెలియకుండా చేసే చిన్న తనిఖీకి బలం ఎక్కువ.

‘ఊళ్ళోకే కదా’ అన్న మాటకు భౌతికశాస్త్రం ఒప్పుకోదు. బండి పక్కకు ఒరిగిపోయినప్పుడు తల నేలను తాకే వేగం, చాలావరకు అది ఎంత ఎత్తు నుంచి పడిందన్నదాన్ని బట్టే ఉంటుంది. మెల్లగా వెళ్తున్నా తల ఉండేది సుమారు మీటరున్నర ఎత్తులోనే. అక్కడి నుంచి పడిన తల, తారు మీద 3 మిల్లీమీటర్ల లోపే ఆగిపోయిందనుకోండి. మెదడు మీద పడే తాకిడి గురుత్వ త్వరణానికి 500 రెట్లు. హెల్మెట్ లోపలి నురుగు 25 మిల్లీమీటర్లు నలిగి తలను ఆపితే అది 60 రెట్లే. ఎత్తును ఆగిన దూరంతో భాగించడమే ఈ సూత్రం. ఆ నురుగు మనం టీవీ డబ్బాల్లో చూసే థర్మాకోల్ జాతిదే. పైన గట్టిగా కనిపించే చిప్ప దెబ్బను పరుస్తుంది, అసలు పని చేసేది లోపల నలిగే థర్మాకోలే. అది లేని టోపీలాంటి హెల్మెట్ పోలీసు కంటికి సరిపోతుందేమో గానీ, తారురోడ్డు ముందు చెల్లదు.

చెప్పిన తేదీ నుంచి గట్టిగా అమలు చేస్తే ఏమవుతుందో వియత్నాం చూపించింది. 2007 డిసెంబరు 15 నుంచి అక్కడ మోటారు సైకిళ్ళ మీద వెళ్ళే అందరికీ, అన్ని రోడ్ల మీదా హెల్మెట్ తప్పనిసరి. కొన్ని నెలల ముందే ప్రకటించారు, ఆ రోజు పోలీసులు వీధుల్లోకి దిగారు. హెల్మెట్ పెట్టుకునేవాళ్ళు దాదాపు రాత్రికి రాత్రే 90 శాతం దాటారు. అప్పటికి వియత్నాం మనకన్నా ధనిక దేశమేమీ కాదు.

విశాఖలో 2024 సెప్టెంబరు 1 నుంచి వెనుక కూర్చున్నవారికీ హెల్మెట్ తప్పనిసరి చేశారు. ఎందుకో కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో ఉంది. 2022లో హెల్మెట్ లేకుండా ప్రమాదాల్లో చనిపోయిన 50,029 మందిలో 14,337 మంది వెనుక కూర్చున్నవాళ్ళే. మన ఊళ్ళ దారుల్లో వెనుక సీటు ఎక్కువగా ఆడవాళ్ళది, పిల్లలది. ఇంటికొక్క హెల్మెట్ కొనేవాళ్ళం రెండోది కూడా కొనాలి.

కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 4151 అన్న అంకె చూసుకోండి. గడ్డం కింద పట్టీ బిగించండి, లేకపోతే తలకన్నా ముందు హెల్మెట్ ఎగిరిపోతుంది. ఒకసారి నలిగిన నురుగు మళ్ళీ ఉబ్బదు కాబట్టి, గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చేయండి.