గుగ్గులు పొద: గుర్తించుట, పెంచుట, గాటు పెట్టుట

గుగ్గిలమనిన ఎఱుగనివారు మనలో లేరు. అయినను అంగడిలో గుగ్గిలమని పొట్లము కట్టి యిచ్చునది పెక్కుసారులు సాలవృక్షపు బంకయే. సాంబ్రాణి పేర వచ్చుదానిలో కొంత మన కొండలలోని అందుగు చెట్టుది. వైద్యులు కోరు మహిషాక్షి గుగ్గిలము ఈ రెంటికిని వేఱు. అది రాజస్థానము, కచ్ఛము, సింధు, బలూచిస్థానముల మెట్టనేలలలో పెరుగు ఒక ముండ్లపొదనుండి కాఱును. దాని సంస్కృతనామము గుగ్గులు. శాస్త్రనామము కామిఫోరా వైటియై.

పొద సాధారణముగా నిలువెత్తు లేక అంతకు కొంచెము మించి పెరుగును. కొమ్మలు వంకరటింకరగా సాగి కొనయందు ముల్లుగా ముగియును. పైబెరడు పలుచని కాగితమువలె పొరలుపొరలుగా ఊడును. దాని క్రింద ఆకుపచ్చని చర్మము కానవచ్చును. ఇదియే మంచి గుర్తు. ఆకు మెఱయుచు, తఱచు మూడు రెక్కలుగా నుండును. వానలతో చిగిర్చి, తక్కిన కాలమంతయు మోడుగా నిలుచును గనుక వేసవిలో చూచినవారు చచ్చినదనుకొందురు. పూవులు మిక్కిలి చిన్నవి. కాయ పండి ఎఱ్ఱనగును.

బంకను పరీక్షించుట సులభము. చిన్న ముక్కను వేడినీటిలో నలిపినచో గుగ్గులు పాలవలె కలియును, సాలబంక కలియదు. అందుగు బంకయు కొంత అట్లే కలియును గనుక ఈ పరీక్ష దానికి చాలదు.

ఈ పొదలలో ఆడవే మెండు, మగవి అరుదు. పుప్పొడి తగులకయే గింజ ఏర్పడునని 1996లో మన వృక్షశాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అయినను మొలచు గింజలు స్వల్పము గావున కొమ్మను నాటుటయే మేలు. వ్రేలిలావు గల ముదురు కొమ్మను 8 మొదలు 10 అంగుళముల ముక్కలుగా కోసి, తొలకరికి ముందు ఇసుక కలిసిన నారుమడిలో గ్రుచ్చవలెను. తల క్రిందులు కారాదు. నీరు ఎక్కువైనచో వేరు రాక ముందే మొదలు క్రుళ్లును. ఇందు దయయే హాని చేయును. మఱుసటి వర్షాకాలమున, నీరు నిలువని గరపనేలలో 6 అడుగులకొక గుంట చొప్పున, కొంచెము పశువుల పెంట వేసి నాటవలెను. చెదలను కనిపెట్టుచుండవలెను. నల్లరేగడిలో ఈ పైరు తలపెట్టవలదని మా సలహా.

ఇక అసలు సంగతి. పొద గాటుకు వచ్చుటకు 8 మొదలు 10 సంవత్సరములు పట్టును. అంతకాలము కాచినవాడు ఒక్క చలికాలమున దానిని చంపుకొనుట కలదు. కచ్ఛమున బంక సేకరించువారు కొందఱు గాటులో గుఱ్ఱపు లేక అడవిగాడిద మూత్రము, మైలుతుత్తము, గుగ్గులు బంక కలిపిన ముద్దను ఎక్కించుచుండిరి. బంక విరివిగా కాఱును; పొద ఎండిపోవును. పరులదగు అడవిలోని పొద చచ్చిన నష్టమేమని వారి తలంపు కాబోలు. ఇట్టి గాటులవలనను, నేల చెడుటవలనను ఈ జాతి క్షీణించి, 2015లో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘమువారి పట్టికలో మిక్కిలి ప్రమాదమందున్న జాతులలో చేరినది. ఎథిఫాన్ అను మందును ఎక్కించినచో బంక ఇరువది రెట్లకు మించి వచ్చునని 1989లో వెల్లడియైనది. ఆ లెక్క చూచి ఆశపడువారికి మేము చెప్పునది ఒకటే: ఆ బంక పొద ప్రాణమునుండి వచ్చునదే.

సొంత చేనిలో పెంచువాడు మార్గశిరము మొదలు ఫాల్గుణమువరకు మాత్రమే గాటు పెట్టవలెను. మొదలు 3 అంగుళముల అడ్డుకొలత లేని పొదను ముట్టరాదు. కత్తి బెరడును దాటి కట్టెను తగులరాదు. పది, పదునైదు దినములకు బంక గట్టిపడును. అప్పుడు గీచి తీయవలెను. ఒక పొద ఒక కారులో 200 మొదలు 500 గ్రాములవరకు ఈయవచ్చును. అంతకు మించి పిండరాదు.

ఔషధము మాట. 1966లో సత్యవతిగారు కాశీ హిందూ విశ్వవిద్యాలయమున చేసిన పరిశోధన రక్తములోని క్రొవ్వు విషయమున దీనికి పేరు తెచ్చినది. 2003లో అమెరికాలో జరిగిన పరీక్షలో ఆ గుణము కనబడలేదు. కావున క్రొవ్వు కరగించునను ప్రకటనలను నమ్మి ధర లెక్క కట్టుకొనవలదు. ఆయుర్వేద యోగములకు దీని అవసరము ఎట్లును కలదు.

గీచునపుడు గాటు క్రింద ఆకుగాని గుడ్డగాని పఱచవలెను. నేలబడిన బంకకు ఇసుక అంటును; అంటినదానికి బేరగాడు సగము ధరయు ఈయడు. శుభ్రమైన ముక్కలను, మట్టి కలిసినవానిని వేఱువేఱు సంచులలో ఉంచి తెచ్చినచో సంఘమునందు కలిపి తూచుట సులభమగును.