ఎదుగూ బొదుగూ లేని ఉద్యోగమా?

"ఆయన ఉద్యోగంలో చేరి పద్దెనిమిదేళ్లయింది. అదే బల్ల, అదే కుర్చీ. ఎదుగూ బొదుగూ లేదు!" అని నిట్టూర్చే ఇల్లాళ్లు మనలో ఎందరో ఉన్నారు. తాము స్వయంగా ఉద్యోగం చేస్తున్న సోదరీమణుల సంగతీ ఇంతే. ఏ పేరంటానికో వెళ్తే, "ఇంకా ప్రమోషను రాలేదా?" అని ఎవరో ఒకరు అడగనే అడుగుతారు. ఇంటికి వచ్చినా ఆ మాట చెవిలో రొద పెడుతూనే ఉంటుంది. మరి నత్తనడక ఉద్యోగంలో తృప్తి దొరుకుతుందా? దొరికితే ఎక్కడ? ఈ సంగతి కాస్త ఆలోచిద్దాం.

ముందుగా మన అనంతపురం నేలను చూడండి. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్యపు వానలు ఇక్కడికి వచ్చేసరికి నీరసించిపోతాయి. అయినా ఈ ఎర్రనేలలోనే మన రైతులు చెనక్కాయ పండిస్తున్నారు. దాని పువ్వు పైన పూస్తుంది. తరువాత ఊడ మట్టిలోకి దిగుతుంది. కాయ లోపలే ఊరుతుంది. చెట్టు ఎత్తు చూసి పంట ఎంతో చెప్పలేం, పీకి చూడాల్సిందే. కొందరి ఉద్యోగాలూ అంతే. హోదా చూసి వారి పనిని అంచనా వేయలేం.

ఇందుకు ఈ జిల్లాలోనే పుట్టిన ఒక పెద్దమనిషి జీవితం మంచి ఉదాహరణ. ఆయన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు. 1893లో రాళ్లపల్లి గ్రామంలో పుట్టారు. ఆయనకు సంగీతంలో తొలి గురువు తల్లి అలమేలు మంగమ్మగారే. ఏ బిరుదూ, ఏ జీతమూ లేని ఇల్లాలు ఇంట్లో పాడుకున్న పాటలే ఆ బిడ్డకు మొదటి పాఠాలయ్యాయి. ఈ మాట మనం గుర్తుపెట్టుకోదగ్గది.

1912లో, పందొమ్మిదేళ్ల వయసులో, శర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పే పనిలో చేరారు. సుమారు 38 ఏళ్లు అక్కడే తెలుగు బోధించి, 1949లో విరమించారు. కన్నడ సీమలో తెలుగు పాఠాలు చెప్పే ఉద్యోగానికి ఎన్ని మెట్లుంటాయి చెప్పండి! అయితే ఆ ఏళ్లు ఊరికే గడిచిపోలేదు. బిడారం కృష్ణప్పగారి దగ్గర సంగీతం అభ్యసించారు. 1928లో వేమన మీద ఉపన్యాసాలిచ్చారు. అవి పుస్తకమై నేటికీ చదవబడుతున్నాయి.

విరమించాక తిరుపతిలో మరో పని ఆయన కోసం కాచుకొని ఉంది. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద అన్నమయ్య పాటలున్నాయి, రాగాల పేర్లూ ఉన్నాయి. కాని ఎలా పాడాలో చెప్పే స్వరాలు లేవు. ఆ పాటలను పరిష్కరించాలంటే భాష తెలియాలి, పాడించాలంటే సంగీతం తెలియాలి. రెండూ తెలిసిన శర్మగారు 1950 నుండి ఆ పనికి పూనుకొని, నూటికి పైగా పాటలకు స్వరాలు కూర్చారు. మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదు 1974లో వచ్చింది. అప్పటికి ఆయన వయసు ఎనభై దాటింది!

"అందరూ రాళ్లపల్లివారవుతారా?" అని మీరడగవచ్చు. కారు, నిజమే. కాని ఆయన చేసినట్టు మనం కూడా ఒక లెక్క చూసుకోవచ్చు. పోయిన ఏటికన్నా ఈ ఏడు పని బాగా తెలిసిందా? కొత్తగా వచ్చినవాళ్లు సందేహం వస్తే ఎవరి బల్ల దగ్గరికి వస్తున్నారు? సాయంత్రం తనదంటూ ఒక చదువో, సాధనో ఉందా? ఈ మూడింటికి జవాబు ఉంటే, ఆ ఉద్యోగానికి ఊడ దిగినట్టే. ఒక్కదానికీ జవాబు లేకపోతే మాత్రం, ప్రమోషను వచ్చినా వెలితి తీరదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. తృప్తి అంటే మన హక్కును వదులుకోవడం కాదు. సర్వీసు రిజిస్టరులో నమోదులు సరిగ్గా ఉన్నాయా, సీనియారిటీ జాబితాలో పేరు ఎక్కడుంది, డిపార్టుమెంటల్ పరీక్షలు మిగిలి ఉన్నాయా అని చూసుకోవాలి. ఒకే పోస్టులో ఉండిపోయిన ప్రభుత్వోద్యోగులకు 6, 12, 18, 24 ఏళ్ల సర్వీసు నిండినప్పుడు పై స్కేలో, ఇంక్రిమెంటో ఇచ్చే పద్ధతి మన రాష్ట్రంలో ఉంది. అయితే 12 ఏళ్లదానికి పై పోస్టుకు కావలసిన అర్హతలు కూడా ఉండాలి. పరీక్ష రాయక, అర్జీ పెట్టక, "మన రాత ఇంతే" అనుకోవడం తృప్తి కాదమ్మా, అది బద్ధకం. రావలసింది అడగండి. అడిగాక, అది వచ్చేదాకా బతుకును వాయిదా వేయకండి.

ఇంట్లో మనం చేయదగ్గది ఒకటుంది. పక్కింటివారి కారు గురించీ, తోటికోడలి భర్త హోదా గురించీ భోజనాల వేళ ఎత్తకండి. "ఈవేళ ఆఫీసులో ఏం పని చేశారు?" అని అడిగి, చెప్పేది వినండి. పిల్లలనూ విననివ్వండి. ఒక వితంతువు పింఛను కాగితం ఆయన చేతిమీదుగా కదిలిందనో, ఒక మొండి లెక్క తేలిందనో తెలిస్తే, నాన్న పని విలువేమిటో వాళ్లకు అర్థమవుతుంది. మీరే ఉద్యోగస్థులైతే, మిమ్మల్ని ఎవరూ అడగలేదని ఊరుకోకుండా మీరే చెప్పండి.