గరివిడి పిల్లల ఎండాకాలం

పలాస–విశాఖ పాసింజరు ఆగగానే గరివిడి ప్లాట్‌ఫాం కాలేజీ బ్యాగులతో నిండిపోతుంది. చీపురుపల్లి వైపు నుంచి వచ్చినవాళ్ళు దిగుతుంటే, నెల్లిమర్ల, విజయనగరం పోయేవాళ్ళు సీటు కోసం తోసుకుంటూ ఎక్కుతారు. మెరకముడిదాం, గుర్ల మండలాల పిల్లలకు ఆటోలు, ఆర్టీసీ పాసులే దిక్కు. డిగ్రీకి శ్రీ దుర్గాప్రసాద్ సరాఫ్ కళాశాల, ఇంజనీరింగుకు అవంతి సెయింట్ థెరిస్సా, పశువైద్యానికి తిరుపతి వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి కళాశాల. ఒక మండల కేంద్రంలో ఇన్ని చదువులుండటం ఉత్తరాంధ్రలో అరుదు.

ఈ ఊరికి ముందు అన్నం పెట్టింది మాంగనీసు. దేశంలో మాంగనీసు తవ్వకం 1892 ప్రాంతంలో ఈ విజయనగరం జిల్లా నేలలోనే మొదలైంది. ఇక్కడి కోడూరు గని పేరు మీదే భూగర్భ శాస్త్రవేత్త లీ ఫెర్మర్ ఒక రాతికి ‘కోడురైట్’ అని పేరు పెట్టాడు. తర్వాత 1955లో సరాఫ్ కుటుంబం ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్ స్థాపించింది. శ్రీరామ్‌నగర్‌లో ఫ్యాక్టరీ వచ్చింది, కాలనీ వెలిసింది. జనం నోట అది ‘ఫేకర్’. ఫెర్రో మిశ్రమాలకు కరెంటే ప్రాణం. ఛార్జీలు పెరిగినప్పుడల్లా కొలిమికి గండమే. తాత గనిలోకి దిగి, తండ్రి ఫేకర్‌లో షిఫ్టు చేసిన ఇంట్లో మనవరాలు డిగ్రీ చదవాలని అంత పట్టుదల ఎందుకో ఈ ఊరి చరిత్రే చెబుతుంది.

ఆ చదువు తరగతి గదితో అయిపోదు. జాతీయ సేవా పథకం, అంటే ఎన్‌ఎస్‌ఎస్, 1969 సెప్టెంబరు 24న మొదలైంది. పేరు నమోదు చేసుకున్న విద్యార్థి రెండేళ్ళలో 240 గంటల సేవ చేయాలి, ఏడు రోజుల శిబిరంలో ఒక పల్లెలో ఉండాలి. బ్యాడ్జీ మీది చక్రం కోణార్కుది. దాని ఎనిమిది ఆకులు రోజులోని ఇరవై నాలుగు గంటలకు గుర్తు. ఇష్టమున్నవాళ్ళు చేసే పని అది. ఇప్పుడు రాష్ట్రంలో డిగ్రీ పిల్లలందరికీ మొదటి ఏడాది పరీక్షలయ్యాక వేసవిలో సామాజిక సేవా ప్రాజెక్టు, అంటే సీఎస్‌పీ, తప్పనిసరి: 180 గంటలు, నాలుగు క్రెడిట్లు. ‘సీఎస్‌పీ అయిందా?’ అన్నది ఏప్రిల్ దాటాక పిల్లల మధ్య పలకరింపు.

ఈ పనిని మొక్కుబడిగానూ చేయొచ్చు. నిరుటి సీనియర్ నివేదిక తెచ్చి పేరు మార్చేస్తే మార్కులూ పడొచ్చు. అలా చేసేవాళ్ళ మీద నాకు కోపం కన్నా బాధే ఎక్కువ. సొంత ఊళ్ళో గడపగడపకూ వెళ్ళే అవకాశం వాళ్ళకు మళ్ళీ రాదు. వెళ్ళినవాళ్ళకు ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ‘ఏటి పాపా రాసుకుంటన్నావు? పింఛనేటైనా వస్తాదేటి?’ అక్కడ తడబడకుండా నిజం చెప్పి, ఆ ముసలమ్మ పక్కన కూర్చోగలగడం పుస్తకంలో దొరకని చదువు. కొడుకు హైదరాబాదులో మేస్త్రీ పనికి, కోడలు అతనితోటే, మనవలు మామ్మ దగ్గర. వలస గురించి అర్థశాస్త్రం పేపర్లో రాసిన జవాబు ఇప్పుడు మనుషుల రూపంలో ఎదురుగా ఉంటుంది.

నన్నడిగితే ఈ ప్రాంతపు పిల్లలు పట్టుకోవాల్సిన అంశం తాగునీరు. 2024 అక్టోబరులో పొరుగునే ఉన్న గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. ఏ వీధిలో పైపు మురుగుకాలవలోంచి పోతోంది, ఓవర్‌హెడ్ ట్యాంకు ఎప్పుడు కడిగారు, కొళాయి నీళ్ళలో క్లోరిన్ కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగులుతోందా: ఇవన్నీ పద్దెనిమిదేళ్ళ పిల్ల నేర్చుకోగల పరీక్షలే. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలవాలని ప్రతి ఇంటికీ చూపించినా చాలు. విరేచనాలు పట్టుకున్న రాత్రి ప్యాకెట్ దొరక్కపోయినా అది ప్రాణం నిలబెడుతుంది.

పనితో పాటు సరదాలూ ఉన్నాయి. రామతీర్థం దగ్గరే; దర్శనం కాగానే గురుభక్తులకొండ ఎక్కి బౌద్ధుల నాటి ఇటుక కట్టడాల మధ్య తెచ్చుకున్న పులిహోర విప్పుతారు. డబ్బులు పోగైతే చింతపల్లి లైట్‌హౌస్ బీచ్, ఇంకాస్త కలిసొస్తే అరకు రైలు. దసరా తర్వాత విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానుకు మాత్రం ఎవరూ పిలవక్కర్లేదు.

మే నెలలో మగపిల్లలు కొందరు తెల్లవారుజామునే రోడ్డెక్కి పరిగెడతారు. పోలీసు కానిస్టేబుల్ ఎంపికకైతే 1600 మీటర్లు ఎనిమిది నిమిషాల్లో. ఆర్మీకి అంతకన్నా చాలా వేగంగా. ఇంటికొచ్చి చోడి అంబలి తాగి, ఎండ ముదరకముందే సర్వే కాగితాలు పట్టుకుంటారు. సాయంత్రం తాటి ముంజలు.

ఆ కాగితాలు కాలేజీ బీరువాలో ఆగిపోకూడదు. నీళ్ళ పరీక్ష వివరాలున్న ప్రతి నివేదిక కాపీ ఒకటి ఆ ఊరి సచివాలయానికి, ఇంకొకటి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరాలి. అదీ జూన్‌లో వానలు దిగకముందే. వరద నీరు పైపుల్లో కలిశాక ఎంత మంచి నివేదికైనా ఆలస్యమే.