ప్లాస్టిక్ గడ్డికి ఆ వాసన ఎందుకు? పోయేదెలా?

ఉప్పల్, నాచారంలో మట్టి వాకిలి ఉన్న ఇళ్లు తగ్గిపోయాయి. పచ్చదనం కోసం అపార్టుమెంట్ల బాల్కనీల్లో, డాబాల మీద ప్లాస్టిక్ గడ్డి పరుచుకుంటున్నారు. పెంపుడు కుక్క ఉన్న ఇంట్లో దాంతోపాటే ముక్కుపుటాలదిరే ఘాటూ మొదలవుతుంది. ఫినాయిల్ చల్లితే ఆ పూటకు అణుగుతుంది, మళ్లీ వస్తుంది. కారణం తెలుసుకుంటే దీన్ని పెద్ద ఖర్చు లేకుండానే అదుపులో పెట్టవచ్చు.

వాసన ఎక్కడ పుడుతుంది?

అప్పుడే పోసిన మూత్రానికి అంత ఘాటు ఉండదు. అందులోని యూరియాను బ్యాక్టీరియా తమ యూరియేజ్ అనే ఎంజైముతో విడగొడతాయి. అప్పుడు వెలువడే అమ్మోనియాదే ఆ ఘాటు. 1926లో జేమ్స్ సమ్నర్ చమ్మకాయ జాతి గింజల నుంచి యూరియేజ్‌ను స్ఫటికాలుగా వేరుచేశారు. ఒక ఎంజైమును స్ఫటికంగా చూడటం ప్రపంచానికి అదే మొదలు. ఆ కృషికి 1946లో నోబెల్ బహుమతి దక్కింది.

మామూలు పచ్చికకు లేని బాధ దీనికెందుకు?

మట్టిలోనూ అమ్మోనియా పుడుతుంది. కానీ మట్టి రేణువులు దాన్ని పట్టి ఉంచుతాయి, వేరే బ్యాక్టీరియా నైట్రేటుగా మారుస్తాయి, వేళ్లు పీల్చుకుంటాయి. ఉప్పల్ క్రికెట్ స్టేడియం పచ్చికకు అడుగున మట్టి ఉంది. మన డాబా గడ్డికి అడుగున గచ్చే ఉంది. మూత్రం రంధ్రాల్లోంచి దిగి, గడ్డి అట్టకూ గచ్చుకూ మధ్య నిలిచిపోతుంది. వెంట్రుకలు, దుమ్ము ఆ రంధ్రాలను పూడ్చేస్తే తడి అసలే ఆరదు.

ఎండాకాలంలో ఎందుకు ఎక్కువ?

వేడి పెరిగేకొద్దీ అమ్మోనియా త్వరగా గాల్లోకి లేస్తుంది. తొలకరి జల్లు పడగానే, ఎండిపోయి ఉన్న మూత్రపు అవశేషాలు మళ్లీ తడిసి వాసన తిరగబెడుతుంది.

ఎలా శుభ్రం చేయాలి?

యూరియా నీళ్లలో ఇట్టే కరుగుతుంది. అందుకే కుక్క పోసిన వెంటనే ఒక చెంబెడు నీళ్లు గుమ్మరించడమే అన్నిటికన్నా మంచి మందు. మలాన్ని ఎత్తేశాకే కడగాలి. వారానికోసారి గడ్డిని గట్టి చీపురుతో ఎదురు దువ్వి, వెంట్రుకలు తీసి, పుష్కలంగా నీళ్లు పోయాలి. వీలైతే అప్పుడప్పుడు గడ్డిని ఎత్తి, అడుగున గచ్చును కూడా కడిగి ఆరబెట్టాలి. అసలు వాసన ఉండేది అక్కడే.

అప్పటికే పట్టేసిన వాసనకు తెల్ల వెనిగర్ ఒక వంతు, నీళ్లు రెండు వంతులు కలిపి చల్లండి. అందులోని ఆమ్లం అమ్మోనియాను గాల్లోకి లేవని లవణంగా మారుస్తుంది. కాసేపాగి నీళ్లతో కడిగేయాలి. వంటసోడా క్షారం కనుక అమ్మోనియాను విరవలేదు. వెనిగర్‌తో కలిపితే రెండూ ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ వాడితే, సాయంత్రం చల్లబడ్డాక చల్లి, డబ్బా మీద చెప్పినంతసేపు తడిగా ఉంచండి. మిట్టమధ్యాహ్నం చల్లితే పని మొదలుకాకముందే ఆరిపోతుంది.

ఏవి వాడకూడదు?

బ్లీచింగ్ పౌడర్ వద్దే వద్దు. మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే క్లోరమిన్లు, వెనిగర్‌తో కలిస్తే క్లోరిన్ వెలువడతాయి. రెండూ ఊపిరితిత్తులకు హాని చేసే వాయువులే. ఫినాయిల్ వాసనను కప్పుతుందే తప్ప అడుగున నిలిచిన తడిని తీయదు. ఫినాల్ రకం మందులు పాదాలు నాకే జంతువులకు, ముఖ్యంగా పిల్లులకు విషం.

ఇంకా గడ్డి కొనని వారికి ఒక మాట. ముందు గచ్చు మీద ఒక బకెట్ నీళ్లు పోసి చూడండి. నీళ్లు నిలవకుండా మోరీ వైపు పోతేనే గడ్డి పరవండి. నిలిస్తే ముందు వాలు సరిచేయించండి. పరిచాక మిట్టమధ్యాహ్నం అరచేయి ఆనించి చూడండి. మీ చేయి ఓర్వలేని వేడిని మీ కుక్క పాదాలూ ఓర్వలేవు.