తుంటి ఇంప్లాంట్: సిమెంట్‌తోనా, సిమెంట్ లేకుండానా? డిజైన్‌ని బట్టి ఎముక విరిగే రిస్క్ ఎలా మారుతుంది?

ఎప్పుడూ ఫోన్ల గురించి రాసే నేను ఈసారి ఒంట్లో పెట్టే పరికరం గురించి రాస్తున్నాను. కారణం మా పెద్దమ్మ. వయసు 74. శ్రీశైలంలో పాతాళగంగ మెట్లు దిగుతూ జారి పడింది. తుంటి దగ్గర తొడ ఎముక మెడ విరిగింది. నంద్యాలలో డాక్టర్ గారు ఎక్స్‌రే చూసి బాల్ మార్చాలన్నారు. సిమెంట్‌తో పెట్టేది ఒకటి, సిమెంట్ లేకుండా పెట్టేది ఇంకొకటి ఉందని చెప్పారు.

"సిమెంట్ లేనిదే లేటెస్ట్ అంట, రేటు కూడా ఎక్కువే. అదే పెట్టిద్దాం" అన్నాడు మా అన్న. ఫోన్ కొనేటప్పుడు మనమంతా ఇలాగే ఆలోచిస్తాం. కానీ ఇక్కడ ఆ లెక్క పనిచేయదు. ఎందుకో చూద్దాం.

సిమెంట్ లేని స్టెమ్ ఎలా నిలబడుతుంది?

ఇంప్లాంట్‌లో తొడ ఎముక లోపలికి దిగే కడ్డీని స్టెమ్ అంటారు. దాని పైన బాల్ ఉంటుంది. సిమెంట్ వాడకపోతే స్టెమ్ కన్నా కాస్త ఇరుకుగా ఎముకను తొలిచి, సుత్తితో బిగుతుగా దించుతారు. దాని గరుకు పూత మీదికి తర్వాత ఎముక పెరిగి పట్టుకుంటుంది.

వయసులో ఉన్నవాళ్ల గట్టి ఎముకకు ఇది బాగానే సరిపోతుంది. గుల్లబారిన ఎముకలో మాత్రం ఆ స్టెమ్ కట్టె మొద్దులో దిగ్గొట్టిన చీలలా పనిచేయొచ్చు. ఆపరేషన్ టేబుల్ మీదే చిన్న పగులు రావొచ్చు, లేదా ఆ తర్వాత చిన్నగా పడినా ఎముక చీలొచ్చు. కొన్ని స్టెమ్‌లకు పైన కాలర్ ఉంటుంది. అది కోసిన ఎముక అంచు మీద ఆనుకుని, స్టెమ్ కిందికి దిగిపోకుండా ఆపుతుంది. అందుకే కాలర్ ఉన్నవాటిలో రిస్క్ తక్కువ.

సిమెంట్ ఏం చేస్తుంది?

ఇది ఇల్లు కట్టే సిమెంట్ కాదు, యాక్రిలిక్ జాతి ప్లాస్టిక్. స్టెమ్‌కీ ఎముకకీ మధ్య ఖాళీ నింపి, బరువును ఒకచోట కాకుండా అంతటా పంచుతుంది.

బ్రిటన్‌లో తుంటి విరిగిన, 60 ఏళ్లు దాటిన 1225 మందిపై చేసిన ట్రయల్ ఫలితాలు 2022లో వచ్చాయి. ఇంప్లాంట్ చుట్టూ ఎముక విరిగింది సిమెంట్ పెట్టినవాళ్లలో 0.5 శాతం మందికి, కొత్త తరం సిమెంట్ లేనివి పెట్టినవాళ్లలో 2.1 శాతం మందికి.

అలాగని సిమెంట్‌కు రిస్క్ లేదని కాదు. అది నింపేటప్పుడు కొందరికి బీపీ పడిపోతుంది. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్ల విషయంలో జాగ్రత్త కావాలి.

సిమెంట్ స్టెమ్‌లన్నీ ఒకటేనా?

కాదు. కొన్ని నున్నగా, కింద సన్నగా ఉంటాయి. సిమెంట్‌లో కొద్దిగా కిందికి దిగి బిగుసుకునేలా కావాలనే అలా చేస్తారు. గట్టిగా పడితే అదే ఆకారం చీలలా మారొచ్చు. ఇలాంటివాటిలో జిమ్మర్ బయోమెట్ కంపెనీ సీపీటీ స్టెమ్‌కు, అదే తరహా మిగతావాటికన్నా తొడ ఎముక విరిగే రిస్క్ ఎక్కువని అమెరికా ఎఫ్‌డీఏ 2024 సెప్టెంబర్‌లో హెచ్చరించింది. అంటే సిమెంట్ ఉందా లేదా అన్నదే కాదు, మోడల్ కూడా ముఖ్యమే.

డాక్టర్‌ని ఏం అడగాలి?

1. ఎముక ఎంత గట్టిగా ఉంది?
2. సిమెంట్ పెడతారా? పెట్టకపోతే కాలర్ ఉన్న స్టెమ్మేనా?
3. కంపెనీ, మోడల్ ఏంటి?

ఇంప్లాంట్ డబ్బా మీది స్టిక్కర్ల కాపీ అడిగి దాచుకోండి. ఫోన్‌కి ఐఎంఈఐ నంబర్ ఎలాగో దీనికి అది అలాగ. రేపు ఏదైనా హెచ్చరిక వస్తే మనది ఆ మోడలో కాదో దాన్ని బట్టే తెలుస్తుంది.

మా పెద్దమ్మకు డాక్టర్ గారు గుండె పరీక్షలు చేయించి, సిమెంట్ స్టెమ్మే పెట్టారు. ఇప్పుడు చేతికర్రతో నడుస్తోంది. మళ్లీ శ్రీశైలం వెళ్దామంటోంది. సరేనన్నాం, కానీ పాతాళగంగకు మాత్రం రోప్‌వేలోనే. ఎంత మంచి డిజైన్ అయినా, పడకుండా చూసుకోవడాన్ని మించింది లేదు.